పండుకోమంటే పండుకోని పాప: పిల్లల్లో ఎపిగ్లాటైటిస్ మారిన తీరు

"పండుకోమంటే పండుకోవడం లేదు మేడం. మధ్యాహ్నం నుంచీ ఇట్లనే కూర్చోనుంది."

2024 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పాకాల వైపు పల్లె నుంచి ఆరేళ్ల పాపను ఒళ్లో పెట్టుకుని వచ్చిన తల్లి నాతో అన్న మొదటి మాట ఇది. జ్వరం సంగతి, గొంతు నొప్పి సంగతి ఆ తర్వాత చెప్పింది. ఇప్పుడు ఆలోచిస్తే జబ్బేమిటో ఆమె ఆ ఒక్క మాటలోనే చెప్పేసింది. మేం వినాలంతే.

నేను తిరుపతిలో పిల్లల డాక్టరుని. మాది ముప్పై పడకల చిన్న ఆసుపత్రి. ఆపరేషన్ థియేటర్ ఉంది కానీ, పిల్లల ఐసీయూ లేదు. ఈ కేసు రాయడానికి కారణం, నాతో పనిచేసే చిన్న డాక్టర్లలో ఒక్కరు కూడా అప్పటిదాకా ఎపిగ్లాటైటిస్‌ను, అంటే గొంతులో ఊపిరి గొట్టం మూతకు వచ్చే వాపును, కళ్లతో చూసి ఉండకపోవడం. తప్పు వాళ్లది కాదు. టీకా వచ్చి జబ్బును బాగా తగ్గించింది. తగ్గిన జబ్బును గుర్తుపట్టే అలవాటు కూడా తగ్గింది. అయితే జబ్బు పూర్తిగా పోలేదు. వయసు మార్చుకుని, క్రిమిని మార్చుకుని వస్తోంది. తల్లిదండ్రుల అనుమతితో, ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను.

పాప వచ్చిన తీరు

ముందు రోజు రాత్రి పాప బాగానే సంగటి తిని పడుకుంది. తెల్లవారుజామున మూడింటికి ఒళ్లు కాలిపోతూ లేచింది. పొద్దున ఊళ్లో ఆర్‌ఎంపీ చూసి టాన్సిల్స్ అన్నాడు. పారాసిటమాల్, అజిత్రోమైసిన్ సిరప్ ఇచ్చాడు. పదకొండింటికి సిరప్ తాగలేక బయటికి వదిలేసింది. మధ్యాహ్నానికి ఎంగిలి మింగడం కూడా మానేసింది. నాలుగింటికి మాట మారిపోయింది. సాయంత్రం ఆరుంపావుకి మా దగ్గరికి చేరారు. అంటే ఒంట్లో బాగున్న బిడ్డ పదిహేను గంటల్లో ఊపిరి అందని స్థితికి వచ్చింది. ఈ వేగమే మొదటి ఆధారం. వైరస్ వల్ల స్వరపేటిక వాచే క్రూప్ అయితే ముందు రెండు మూడు రోజులు జలుబు, ముక్కు కారడం ఉంటాయి. ఆ తర్వాత ఏదో ఒక రాత్రి కుక్క మొరిగినట్టు దగ్గు మొదలవుతుంది. ఈ పాపకు జలుబు లేదు, దగ్గు అసలే లేదు.

నేను క్యాజువాలిటీలోకి వెళ్లేసరికి పాప బల్ల అంచున కూర్చుని ఉంది. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగింది. గడ్డం ముందుకు చాచింది. నోరు తెరిచే ఉంది. మెడ చుట్టూ వేసిన పసుపు తువ్వాలు జొల్లుతో ఛాతీ దాకా తడిసిపోయింది. మింగాల్సి వచ్చినప్పుడల్లా కళ్లు గట్టిగా మూసుకుంటోంది, రెండు చెంపల మీదా నీళ్లు కారుతున్నాయి, కానీ ఏడవడం లేదు. అంత జ్వరంలో, కొత్త చోట, కొత్త మనుషుల మధ్య ఆరేళ్ల పాప ఏడవకపోవడం నన్ను అన్నిటికంటే భయపెట్టింది. ఏడవడానికి కావలసినంత గాలి ఆమె దగ్గర లేదు.

పేరడిగాను. నోట్లో అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు ఏదో అంది. ఊపిరి తీసుకునేటప్పుడు సన్నగా గొరగొర వినిపిస్తోంది. గొంతు కింద గుంట లోపలికి పోతోంది. సిస్టర్ అప్పటికే చంకలో థర్మామీటర్ పెట్టి చూసింది: 103.4. వేలికి క్లిప్ పెడితే ఆక్సిజన్ 94, నాడి 152. ఊపిరి నిమిషానికి 36 సార్లు. నేను చేసిన పరీక్ష ఇంతే. ఐదడుగుల దూరంలో నిలబడి చేశాను.

మా డ్యూటీ డాక్టరు మంచి పిల్లవాడు, శ్రద్ధగా పనిచేస్తాడు. కేస్ షీట్లో "టాన్సిలైటిస్, నీరసం" అని రాసి, సెలైన్ పెట్టడానికి క్యాన్యులా తెమ్మని సిస్టర్‌కి చెప్పి, టార్చి, నాలుక నొక్కే స్పాచులా చేతిలోకి తీసుకున్నాడు. గొంతు నొప్పితో వచ్చిన వంద మంది పిల్లల్లో తొంభై తొమ్మిది మందికి అది సరైన పనే. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

ఎందుకు ఆపానో కొంచెం వివరంగా చెప్పాలి. మనం మింగేటప్పుడు అన్నం ఊపిరి గొట్టంలోకి పోకుండా మూతలా అడ్డుపడే మెత్తని రేకును ఎపిగ్లాటిస్ అంటారు. బడి పుస్తకాల్లో దాన్నే ఉపజిహ్విక అని చదువుకున్నాం. నోరు తెరిస్తే వెనక వేలాడుతూ కనిపించే కొండనాలుక వేరు, ఇది వేరు. ఇది ఇంకా కిందికి, నాలుక మొదట్లో ఉంటుంది. దాని మీది పొర వదులుగా ఉంటుంది కాబట్టి క్రిమి సోకితే గంటల్లో నీరు పట్టి ఉబ్బిపోతుంది. పిల్లల ఊపిరి దారి అసలే సన్నం. పసిబిడ్డలో 4 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టానికి చుట్టూ 1 మిల్లీమీటరు వాపు వచ్చిందంటే దారి నాలుగో వంతుకు పడిపోతుంది, గాలికి అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. ముందుకు వంగి కూర్చుంటే ఆ ఉబ్బిన మూత ముందుకు వాలి కాస్త సందు మిగులుతుంది. బిడ్డ ఆ సందును తనంతట తానే కనుక్కుని, దాన్ని వదలకుండా కూర్చుంటుంది. పడుకోబెడితే మూత వెనక్కి పడుతుంది. స్పాచులాతో నాలుక నొక్కినా, సూది గుచ్చి ఏడిపించినా గొంతు ఒక్కసారిగా బిగుసుకుని, మిగిలిన ఆ సందు కూడా మూసుకుపోవచ్చు.

పాప వెంట నాయనమ్మ కూడా వచ్చింది. "కొండనాలుక జారింది తల్లీ, మా ఊళ్లో ఒకామె ఉంది, ఉప్పూ మిరియాలూ అద్ది వేలితో పైకి నొక్కితే సరిపోతుంది, వీళ్లు నా మాట ఇనలేదు" అంది. ఆమె మాట వినకపోవడమే ఆ రోజు పాపకు జరిగిన మేలు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మన దగ్గర ఊరికే పుట్టలేదు. ఆమెను కసురుకోలేదు. "ఈ రోజు ఎవరూ నోట్లో వేలు పెట్టకూడదమ్మా, నేను కూడా పెట్టను" అన్నాను. నేను కూడా పెట్టనన్నాక ఆమె శాంతించింది.

1999లో ఒక రాత్రి

ఆ చెయ్యి అంత గట్టిగా పట్టుకోవడం వెనక పాతికేళ్ల నాటి రాత్రి ఒకటి ఉంది. అది చెప్పకుండా ఈ కేసు రాయలేను.

అప్పుడు నేను ఒక పెద్ద ఆసుపత్రిలో పీజీ చేస్తున్నాను. అర్ధరాత్రి దాటాక మూడేళ్ల బాబు వచ్చాడు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా వచ్చాడు: ఒక్క రోజు జ్వరం, జొల్లు, ముందుకు వంగి కూర్చోవడం, దగ్గు లేకపోవడం. నాకు జబ్బు పేరు తట్టింది. అనుమానం తీర్చుకుందామని మెడకు పక్క నుంచి ఎక్స్‌రే తీయిద్దామనుకున్నాను. అందులో ఉబ్బిన ఎపిగ్లాటిస్ బొటనవేలులా కనిపిస్తుందని చదివాను. చూడాలనిపించింది. ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ పడుకోబెట్టమన్నాడు. పడుకోబెట్టాను. బాబు ఒకసారి పెనుగులాడి నీలంగా మారిపోయాడు. ఈఎన్‌టీ వాళ్లు పరుగున వచ్చి మెడకు రంధ్రం చేసి ట్యూబు పెట్టేసరికి ఆరేడు నిమిషాలు గడిచిపోయాయి. గుండె తిరిగి కొట్టుకుంది. మెదడు మాత్రం తిరిగి రాలేదు. మూడో రోజు పోయాడు.

రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే కల్చర్‌లో హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి అనే బాక్టీరియా పెరిగింది. దాన్నే పొట్టిగా హిబ్ అంటాం. పేరులో ఇన్‌ఫ్లుయెంజా ఉన్నా ఫ్లూ జ్వరానికీ దీనికీ సంబంధం లేదు. 1892లో రిచర్డ్ ఫైఫర్ ఫ్లూ రోగుల్లో ఈ బాక్టీరియాను చూసి, ఫ్లూకు ఇదే కారణమనుకున్నాడు. ఆ పొరపాటు పేరులో అలాగే మిగిలిపోయింది. ఇప్పటికీ "ఫ్లూ టీకా వేయించాం కదా" అని అడిగే తల్లిదండ్రులకు ఈ తేడా చెబుతూనే ఉంటాను.

ఆ రోజుల్లో హిబ్ టీకా ఉన్నది డబ్బున్నవాళ్లకే. ప్రైవేటులో కొనుక్కోవాలి. ఆ బాబు తండ్రి రోజు కూలీ. మోసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఆయన నన్నేమీ అనలేదు. "మీరు చేసేది చేసినారు" అన్నాడు. ఆయన అన్నంత నేను చేయలేదు. ఆ రాత్రి తర్వాత ఇలాంటి బిడ్డను ఏ కారణంతోనూ పడుకోబెట్టలేదు, ఎక్స్‌రేకి పంపలేదు. ఎక్స్‌రే ఎంత బాగా చెప్పినా, ఇలా కూర్చున్న బిడ్డలో అది మనకు చెప్పే కొత్త విషయం ఏమీ లేదు.

పాతిక నిమిషాలు

మళ్లీ మా క్యాజువాలిటీకి వస్తాను. రెండు దారులున్నాయి. పాపను వెంటనే అంబులెన్స్ ఎక్కించి, నాలుగు కిలోమీటర్ల దూరంలో పిల్లల ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి పంపడం ఒకటి. ఇక్కడే థియేటర్లో ఊపిరి దారి భద్రం చేసి, ఆ తర్వాత పంపడం రెండోది. సాయంత్రం ఆరున్నర, లీలామహల్ సర్కిల్, బస్టాండు వైపు వాహనాలు కదలని సమయం. నాలుగు కిలోమీటర్లకు అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు. దారి మధ్యలో ఊపిరి ఆగితే ఆ బండిలో చేయగలిగింది చాలా తక్కువ. ఇక్కడే చేద్దామనుకున్నాను. నైపుణ్యం ఉన్న మనుషులను బిడ్డ దగ్గరికి రప్పించగలిగినప్పుడు బిడ్డను కదిలించకూడదని నా నమ్మకం. వాళ్లను రప్పించలేని చోట నిర్ణయం వేరుగా ఉండొచ్చు. అప్పుడు కూడా తల్లి ఒళ్లో కూర్చోబెట్టే పంపాలి, వెంట ట్యూబు వేయగల మనిషి ఉండాలి.

ఈఎన్‌టీ డాక్టరు తన క్లినిక్‌లో రోగులను కూర్చోబెట్టి స్కూటర్ మీద పదకొండు నిమిషాల్లో వచ్చేశారు. మత్తు డాక్టరు వేరే ఆసుపత్రిలో సిజేరియన్‌లో ఉన్నారు. ఆయన రావడానికి పాతిక నిమిషాలు పట్టింది.

ఆ పాతిక నిమిషాల్లో చికిత్స అంటే ఏమీ చేయకపోవడమే. దాన్ని గట్టిగా అమలు చేయడం చాలా కష్టం. పాపను తల్లి ఒళ్లోకి మార్చాం. ట్యూబ్ లైట్లలో ఒకటి ఆర్పేశాం. మాస్కు ముఖానికి కట్టకుండా, ఆక్సిజన్ పైపును తల్లి చేతికే ఇచ్చి ముక్కు దగ్గర పట్టుకోమన్నాం. క్యాన్యులా వద్దు, రక్తం తీయొద్దు, బరువు కూడా చూడొద్దని చెప్పాను. బరువు 18 కిలోలుంటుందని కంటితో అంచనా వేసుకున్నాం. తండ్రి ఫోన్లో బొమ్మల వీడియో పెట్టి పాప కళ్ల ముందు పట్టుకున్నాడు. ఆయన చెయ్యి వణుకుతుంటే నాయనమ్మ ఆ ఫోన్ తీసుకుంది. సిస్టర్లు మాట్లాడాలంటే గది బయటికి వెళ్లి మాట్లాడారు. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. నా వెనక ట్రేలో బ్యాగు, మాస్కు, సక్షన్, నాలుగు సైజుల ట్యూబులు, గొంతు లోపల చూసే లారింగోస్కోపు, మెడలో గుచ్చడానికి లావు సూది సిద్ధంగా ఉన్నాయి. ఒకవేళ ఊపిరి ఆగినా, మాస్కు గట్టిగా అదిమి బ్యాగుతో ఒత్తిడి పెడితే ఉబ్బిన మూత దాటి గాలి పోయే అవకాశం చాలాసార్లు ఉంటుంది. 1999లో ఎక్స్‌రే గదిలో నా చేతిలో ఆ బ్యాగు లేదు.

ఒక సమయంలో పాప గొంతులో గొరగొర తగ్గింది. మా డ్యూటీ డాక్టరు "మెరుగవుతోంది మేడం" అని మెల్లగా అన్నాడు. లోపలికి పోయే గాలి తగ్గితే శబ్దమూ తగ్గుతుంది. పాప కళ్లు బరువెక్కుతున్నాయి. క్లిప్‌లో 91 కనిపించింది. మత్తు డాక్టరు మెట్లెక్కుతున్న చప్పుడు అప్పుడే వినిపించింది.

థియేటర్లోకి తల్లి కూడా వచ్చింది. గౌను వేసుకుని, పాపను ఒళ్లోనే పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. ఆక్సిజన్‌లో సెవోఫ్లురేన్ కలిపి, కూర్చున్న భంగిమలోనే మెల్లగా మత్తు ఇచ్చారు. కండరాలను వదులు చేసే మందు వేయలేదు. ఎందుకంటే పాప తన ఊపిరి తాను తీసుకుంటూనే ఉండాలి. సన్నబడిన దారిలో మత్తు ఎక్కడానికి మామూలు కంటే చాలాసేపు పడుతుంది. అక్కడ తొందరపడకూడదు. పాప పూర్తిగా మత్తులోకి జారాక తల్లిని బయటికి పంపి, అప్పుడు మాత్రమే క్యాన్యులా పెట్టారు. ఈఎన్‌టీ డాక్టరు చేతికి గ్లౌజులు వేసుకుని, మెడకు రంధ్రం చేసే ట్రెకియాస్టమీ సెట్ తెరిచి పెట్టుకుని, పాప మెడ పక్కన నిలబడే ఉన్నారు.

లారింగోస్కోపుతో చూస్తే కనిపించింది మదనపల్లె మార్కెట్‌లో బాగా పండిన టమాటా. మామూలుగా పల్చటి ఆకులా ఉండాల్సిన ఎపిగ్లాటిస్ గుండ్రంగా, ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. దాని వెనక రెండు పక్కలా మడతలు కూడా ఉబ్బి దారి కనిపించడం లేదు. మొదటి ప్రయత్నం కుదరలేదు. రెండోసారి నన్ను పాప ఛాతీని ఒక్కసారి మెల్లగా నొక్కమన్నారు. ఆ ఎర్రటి ముద్దల మధ్య ఒక చిన్న బుడగ పొంగింది. బుడగ వచ్చిన చోటే దారి. అక్కడికే ట్యూబు పోయింది. ఆరేళ్ల పిల్లకు మామూలుగా వేసే కఫ్ ట్యూబు (చుట్టూ గాలి నింపే చిన్న బుడగ ఉన్నది) 5 సైజు. ఇక్కడ 4.5 వేశారు. గదిలో అందరం ఒకేసారి ఊపిరి వదిలాం.

ట్యూబు పడ్డాకే గొంతు నుంచి, రక్తం నుంచి కల్చర్లు తీశాం. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. స్టాఫ్ (స్టాఫైలోకాకస్) క్రిమిని కూడా దృష్టిలో పెట్టుకుని క్లిండామైసిన్ కలిపాం. స్టెరాయిడ్ వేయలేదు. క్రూప్‌లో ఒక్క డోసు డెక్సామెథాసోన్ ఎంతో మేలు చేస్తుంది. ఎపిగ్లాటైటిస్‌లో అలాంటి గట్టి రుజువు లేదు. వేసే వాళ్లున్నారు, వాళ్లను తప్పుపట్టను. మత్తు డాక్టరు తన బ్యాగుతో అంబులెన్స్‌లో పాప పక్కనే కూర్చుని పెద్దాసుపత్రి దాకా వెళ్లారు. ఆ నాలుగు కిలోమీటర్లకు ముప్పై ఐదు నిమిషాలు పట్టింది.

ఏ క్రిమి, ఏ వయసు

తెల్ల కణాలు 21,400, అందులో న్యూట్రోఫిల్స్ 88 శాతం. రెండో రోజు రక్తం కల్చర్‌లో క్రిమి పెరిగింది. నేను మనసులో హిబ్ అనుకుంటున్నాను. వచ్చింది గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్, అంటే మామూలు గొంతు నొప్పికి కారణమయ్యే క్రిమే. పెన్సిలిన్‌కు లొంగేది. క్లిండామైసిన్ ఆపి, సెఫ్ట్రియాక్సోన్ నుంచి పెన్సిలిన్‌కు మార్చి, మొత్తం పది రోజులు ఇచ్చారు. 44 గంటలకు కఫ్ గాలి తీసి చూస్తే ట్యూబు పక్క నుంచి గాలి కారింది. స్కోపుతో చూస్తే వాపు బాగా దిగింది. ట్యూబు తీసేశారు. చాలామంది పిల్లలకు ఒకటి నుంచి మూడు రోజుల్లో ఇది సాధ్యమవుతుంది.

"సూదులన్నీ వేయించినాం కదా మేడం, ఎట్లొచ్చింది?" అని తల్లి అడిగింది. ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా దాచిన టీకాల కార్డు తీసి చూపించింది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు మూడు పెంటావాలెంట్ (హిబ్‌తో కలిపి ఐదు జబ్బులకు ఒకే టీకా) డోసులూ తేదీలతో సహా ఉన్నాయి. ఆ తల్లి వైపు ఏ లోపమూ లేదు. టీకా కూడా తన పని తాను చేసింది. అది కాపాడేది హిబ్ నుంచి. వేరే క్రిమి ఇదే జబ్బును తేగలదు.

జబ్బు తీరు ఎలా మారిందో ఈ ఇద్దరు పిల్లలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 1999 బాబుకు మూడేళ్లు, హిబ్, టీకా లేదు. 2024 పాపకు ఆరేళ్లు, స్ట్రెప్, టీకాలన్నీ ఉన్నాయి. రెండు నుంచి ఐదేళ్ల పిల్లల జబ్బుగా మేం చదువుకున్నది ఇప్పుడు బడికి పోయే వయసు పిల్లల్లో, ఇంకా ఎక్కువగా పెద్దల్లో కనిపిస్తోంది. షుగర్ ఉన్న నడివయసు వాళ్లు "గొంతు నొప్పి, మింగలేకపోతున్నాను" అంటూ వస్తున్నారని మా ఈఎన్‌టీ డాక్టరు చెబుతుంటారు. పెద్దల్లో దారి వెడల్పు కాబట్టి కాస్త వ్యవధి దొరుకుతుంది. న్యుమోకాకస్, స్టాఫ్, తొడుగు లేని హిమోఫిలస్ రకాలు కూడా ఇప్పుడు ఈ జాబితాలో ఉన్నాయి. గ్రూప్ ఎ స్ట్రెప్ విషయానికొస్తే, 2022 చివర్లో యూరప్‌లో కొన్ని దేశాల్లో అది పిల్లల్లో తీవ్రమైన రూపంలో పెరిగిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది కూడా.

ఇంతటి మార్పు ఒక్క టీకా తెచ్చింది. హిబ్ చుట్టూ చక్కెర పదార్థంతో చేసిన తొడుగు ఉంటుంది. రెండేళ్లలోపు పిల్లల శరీరం ఆ తొడుగును శత్రువుగా గుర్తుపట్టలేదు. అమెరికాలో 1985లో వచ్చిన మొదటి టీకాలో ఆ తొడుగు ముక్క మాత్రమే ఉండేది కాబట్టి పసిపిల్లలకు పనిచేయలేదు. తర్వాత ఆ ముక్కను ఒక ప్రొటీన్‌కు అతికించి కాంజుగేట్ టీకా చేశారు. 1990 నుంచి రెండు నెలల పిల్లలకు కూడా ఇవ్వడం మొదలైంది. అంతకు ముందు అక్కడ ఐదేళ్లలోపు పిల్లల్లో ఏటా 20,000 మందికి తీవ్రమైన హిబ్ జబ్బు వచ్చేది. అది 99 శాతానికి పైగా తగ్గిపోయింది. మన దేశంలో 2011 డిసెంబరులో తమిళనాడు, కేరళలో పెంటావాలెంట్ రూపంలో మొదలై, దశలవారీగా అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. మన దగ్గర హిబ్ ఎక్కువగా మెదడు పొరల వాపు, న్యుమోనియా రూపంలోనే కనిపించేది, ఎపిగ్లాటైటిస్ తక్కువ. అందుకే ఇది తగ్గిన సంగతి కూడా చాలామంది గమనించలేదు. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఎండలో పల్లెపల్లెకూ ఐస్ బాక్సు మోసుకెళ్లి వేసిన టీకా అది. నా పీజీ రోజుల్లోని ఆ వార్డు గుర్తున్న మనిషిగా వాళ్లకు చేతులెత్తి మొక్కుతాను.

ఒక విషయంలో మాత్రం నాకు ఆందోళన ఉంది. బ్రిటన్ 1992లో మూడు డోసులతో మొదలుపెట్టింది, బూస్టర్ పెట్టలేదు. కొన్నేళ్లు జబ్బు దాదాపు మాయమైంది. 1999 తర్వాత మళ్లీ పెరగసాగింది. 2003లో ప్రత్యేకంగా బూస్టర్ వేశారు, 2006 నుంచి ఏడాది వయసులో మామూలు పట్టికలో చేర్చారు. మన ప్రభుత్వ పట్టికలో 16 నుంచి 24 నెలల మధ్య ఇచ్చే బూస్టర్ డీపీటీ మాత్రమే, అందులో హిబ్ లేదు. పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ మాత్రం ఏడాదిన్నర వయసులో హిబ్ బూస్టర్ వేయించమంటోంది. కొనగలిగిన తల్లిదండ్రులకు వేయించమనే చెబుతాను. కొనలేని వాళ్లకు, మూడు డోసులూ ఆలస్యం లేకుండా పూర్తయితే చాలా వరకు రక్షణ ఉంటుందని చెబుతాను. అదీ నిజమే.

క్రిమి లేకుండా కూడా ఈ వాపు రావచ్చు. రెండేళ్ల కింద ఏడాదీ మూడు నెలల బాబు వచ్చాడు. పొయ్యి మీంచి దించిన టీ గ్లాసును అందుకుని ఒక్క గుటక వేశాడు. పెదాలు కాస్త ఎర్రబడ్డాయి, ఏడ్చి ఊరుకున్నాడు. నాలుగు గంటల తర్వాత జొల్లు కారడం మొదలైంది. జ్వరం లేదు, రక్త పరీక్షలు మామూలుగా ఉన్నాయి. ఉబ్బింది మాత్రం అదే ఎపిగ్లాటిస్. మూడు రోజులు ట్యూబు మీద ఉన్నాడు. వేడి టీ, వేడి పాలు మింగిన పసివాణ్ని నోరు బాగుందని ఇంటికి పంపకూడదని ఆ బాబు దగ్గర నేర్చుకున్నాను.

జొల్లు కారుతున్న ప్రతి బిడ్డకూ ఇదే జబ్బని కాదు. గొంతు వెనక చీముగడ్డ ఉంటే మెడ తిప్పలేరు. టీకాలు లేని పిల్లల్లో కంఠసర్పి (డిఫ్తీరియా) వస్తే గొంతులో బూడిద రంగు పొర, మెడ రెండు పక్కలా లావు వాపు ఉంటాయి. మన వైపు వేరుశనగ గింజ ఇరుక్కుని వచ్చే పిల్లలు ఎక్కువ. వాళ్లకు జ్వరం ఉండదు, ఆడుకుంటూ తింటూ ఒక్కసారిగా పొలమారిన కథ ఉంటుంది. వీటిలో ఏదైనా సరే, ముందుకు వంగి కూర్చున్న బిడ్డ విషయంలో మొదటి పది నిమిషాల పని ఒకటే. కూర్చున్నట్టే ఉండనివ్వాలి, నోరు ముట్టుకోకూడదు, ఊపిరి దారి తెరవగల వాళ్లను పిలవాలి.

మర్నాడు పాప ఊరి ఆర్‌ఎంపీకి ఫోన్ చేశాను. తప్పు పట్టడానికి కాదు. పొద్దున ఎనిమిదింటికి ఆ పాపను నేను చూసి ఉన్నా బహుశా టాన్సిల్స్ అనే అనుకునేదాన్ని. మింగలేకపోవడం, మాట మారడం అప్పటికి మొదలు కాలేదు. "సిరప్ తాగలేక ఉమ్మేసిందని చెప్పినారు మేడం, పిల్లలు మామూలుగా ఉమ్మేస్తారు కదా అనుకున్నా" అన్నాడు బాధగా. మందు చేదుకు ఉమ్మేసే బిడ్డ నీళ్లిస్తే తాగుతుంది, ఈ పాప నీళ్లు కూడా వద్దంది, తన ఎంగిలి తానే మింగలేదు. ఆ తేడా ఆయనకు వివరంగా చెప్పాను. ఇలాంటి బిడ్డ ఏ రాత్రి వచ్చినా ముందు నాకు ఫోన్ చేయమని నంబరిచ్చాను.

పాప తొమ్మిదో రోజు ఇంటికెళ్లింది. గొంతు రెండు వారాలు బొంగురుగా ఉండి సర్దుకుంది. మూడు వారాల తర్వాత చూపించడానికి వచ్చినప్పుడు తానే నడుచుకుంటూ గదిలోకి వచ్చి, అడగకముందే నోరు బాగా తెరిచి నాలుక చాపింది. అప్పుడు టార్చి వేసి తీరిగ్గా చూశాను. హిబ్ కాదు కాబట్టి ఇంట్లో వాళ్లకు ముందు జాగ్రత్తగా ఇచ్చే రిఫాంపిసిన్ మందు అవసరం పడలేదు. వెంట పదిహేడు నెలల తమ్ముడు కూడా వచ్చాడు. వాడి కార్డులో పెంటావాలెంట్ మూడూ ఉన్నాయి. 2021లో దేశమంతటా ప్రభుత్వ టీకాల్లో చేర్చిన న్యుమోకాకల్ కూడా ఉంది. డీపీటీ బూస్టర్ వేయించాల్సిన సమయం. హిబ్ బూస్టర్ ధర ఎంతో తండ్రి అడిగాడు. చెప్పాను. లెక్క చూసుకుని, జీతం వచ్చాక వచ్చే నెల మొదటి వారం తెస్తానన్నాడు. ఆ తేదీ కార్డు మీద పెన్సిల్‌తో రాసిచ్చాను.